అడవికి ఒక వసంతం, గుంటకు ఒక వసంతం

సకల స్తోత్రాలూ ఆకాశాలనూ భూమినీ సృష్టించి, వాటి మధ్య రుతువులను తిప్పుతున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పైన శాంతి, శుభాలు వర్షించుగాక.



కాటారం నుండి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం వెళ్ళే మార్గంలో ఫిబ్రవరి చివరి వారాలలో ప్రయాణించినవారు ఒక వింతను గమనించే ఉంటారు. టేకు చెట్లు ఆకులు రాల్చి ఎముకల గూళ్ళవలె నిలబడి ఉంటాయి. అడుగు వేస్తే చాలు, నేలమీది ఎండుటాకులు ఫెళఫెళమని విరుగుతాయి. వాగుల్లో ఇసుక తేలి ఉంటుంది. వార్ధా, వైన్‌గంగా నదుల నీటిని మోసుకువచ్చే ప్రాణహిత కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ ధార కూడా అప్పటికి సన్నబడుతుంది. గోదావరి పాయను ఇసుక తిన్నెల నడుమ వెదుక్కోవలసి వస్తుంది. అంతటి ఎండు దృశ్యం మధ్యలో, ఒంటిమీద ఒక్క ఆకైనా లేని మోదుగ చెట్టు నిప్పంటుకున్నట్లు పూసి ఉంటుంది.

నీరు తగ్గుతున్న కాలంలో పూత ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దీని వెంట నడిస్తే మనం మన ఊరి చివర ఎండిపోయి, చెత్త పోయడానికి తప్ప దేనికీ పనికిరాదనుకునే గుంట దగ్గరకు చేరుకుంటాం. నేను నేడు ముఖ్యంగా మాట్లాడదలచినది ఆ గుంటను గురించే. అయితే ముందుగా అడవిని చూడాలి.

మన ప్రాంతపు అడవి ఆకురాల్చే అడవి. ఏడాది మొత్తంలో కురిసే వానలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలూ టేకు, మద్ది, తునికి, ఇప్ప, బిల్లుడు వంటి చెట్లు నేలలో మిగిలిన తేమతోనే గడుపుకోవాలి. ఇక్కడ వసంతానికి తొలి సూచన ఆకు రాలడమే అంటే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. చెట్టు తాగిన నీటిలో చాలా భాగం ఆకుల గుండానే ఆవిరై పోతుంది. ఆకు రాలిన మరుక్షణం ఆ ఖర్చు ఆగిపోతుంది. లోతుకు దిగిన వేళ్ళు మాత్రం పని మానవు. అవి అడుగునుండి కొద్దికొద్దిగా తేమను పైకి పంపుతూ ఉంటాయి. వచ్చేది ఉండి, పోయేది లేకపోవడంతో ఎండినట్లు కనిపించే కాండం లోపల నీరు తిరిగి నిండుతుంది. ఆ నిండుదనమే మొగ్గను తెరుస్తుంది. మనం మోడు అనుకొని దాటిపోయే చెట్టు నిజానికి పొదుపు చేసుకుంటున్న చెట్టు.

పూత అన్ని చెట్లకూ ఒకేసారి రాదు. తొందరపడేది బూరుగ. జనవరి దాటుతుండగానే దాని బోడి కొమ్మల మీద అరచేతి వెడల్పు ఎర్రని పూలు విచ్చుకుంటాయి. కాకులు, గోరింకలు వాటిలోని తేనె కోసం తెల్లవారకముందే పంచాయితీ పెడతాయి. రాతి గుట్టల మీద తపసి చెట్టు తెల్లని నున్నని బెరడుతో వెన్నెల్లో దయ్యంలా నిలబడి ఉంటుంది. దాని పక్కనే కొండగోగు పసుపుపచ్చని పూలు పూస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు మోదుగవి. ఆకులు అడ్డం లేనందున ఆ ఎరుపు చాలా దూరానికి కనిపిస్తుంది. పక్షులు వచ్చి తేనె తాగి, పుప్పొడిని మరో చెట్టుకు చేర్చాలంటే అలా కనిపించడమే అవసరం. మార్చి సగానికి వేప లేత ఎరుపు చిగురు తొడుగుతుంది, రావి ఆకు తళతళలాడుతుంది, కానుగ కింద నీడ మళ్ళీ చిక్కబడుతుంది. వీటిలో ఒక్కదానికీ ఇంకా వాన చుక్క తగలలేదని గుర్తుంచుకోవాలి. తొలకరికి ఇంకా రెండు మూడు నెలలుంది.

ఇప్ప చెట్టు సంగతి వేరుగా చెప్పాలి. దాని పువ్వు రాత్రి విచ్చుకొని తెల్లవారుజామున నేల రాలుతుంది. కోయలు, గోండులు, నాయకపోడ్లు మన ఫజ్ర్ వేళకే బుట్టలు పట్టుకొని చెట్ల కిందకు చేరుకుంటారు. ఎలుగుబంటి, దుప్పి కూడా ఆ పువ్వు కోసమే వస్తాయి. ఇప్పపువ్వు పేరు వినగానే మనలో చాలామందికి సారా తప్ప మరొకటి గుర్తుకు రాదు. అది ఆ చెట్టుకు జరిగిన అన్యాయం. ఎండబెట్టిన ఇప్పపువ్వు కరువు నెలల్లో ఎన్నో ఇళ్ళలో ఆహారం. దాని గింజల నూనె వంటకూ దీపానికీ పనికివచ్చింది.

ఇక వానే లేనప్పుడు ఈ చెట్లకు కాలం ఎలా తెలుస్తుంది? దీనికి సమాధానం మన మస్జిద్ గోడకు వేలాడుతూనే ఉంది. నమాజు వేళల పట్టికను ఒకసారి చూడండి. కాళేశ్వరంలో నవంబరు చివర ఉజ్జాయింపుగా 5.35కు సూర్యుడు అస్తమిస్తాడు. జులై మొదట్లో మగ్రిబ్ 6.50 ప్రాంతానికి జరుగుతుంది. డిసెంబరులోని అతి చిన్న పగటికీ, జూన్‌లోని అతి పెద్ద పగటికీ మధ్య రెండు గంటలకు పైగా తేడా ఉంటుంది. మార్చి 20, 21 తేదీల ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి. మన అడవుల వంటి రుతుపవన అడవులను పరిశీలించినవారు, అనేక చెట్లు ఆ రోజులకు అటూఇటూగా, పగలు పెరుగుతున్న కొలతను బట్టి చిగురిస్తాయని గుర్తించారు. వాన ఒక ఏడు ముందు వస్తుంది, ఒక ఏడు వెనుక వస్తుంది. పగటి నిడివి మాత్రం తప్పదు. ముఅజ్జిన్ ఏ లెక్కను అనుసరించి అజాన్ వేళను నిమిషాల చొప్పున జరుపుతున్నాడో, అదే లెక్కను మోదుగ, వేప, ఇప్ప కూడా అనుసరిస్తున్నాయి.

ఇక్కడ ఒక మాట ప్రసక్తికి వచ్చింది గనుక చెబుతాను. మన హిజ్రీ సంవత్సరం చంద్రుణ్ణి అనుసరించేది. 354 లేదా 355 రోజులే గనుక ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, దాదాపు 33 ఏళ్ళలో రుతువులన్నిటినీ చుట్టి వస్తుంది. అందుకే ఇప్పుడు రమజాన్ మోదుగపూల కాలంలో వస్తోంది, కొన్నేళ్ళకు చలిలోకి వెళుతుంది. రబీఉల్ అవ్వల్ అంటే ‘మొదటి వసంతం’ అని అర్థం. కానీ 2025లో ఆ నెల మనకు వానల్లో వచ్చింది. రుతువులతో ముడిపడిన శిస్తు లెక్కలకు చాంద్రమానం కుదరకనే నిజాం ప్రభుత్వం ఫసలీ సంవత్సరాన్ని వాడింది. ఇదే ‘రబీ’ అన్న అరబీ మాట మన రైతు నోట వేరే దారిన స్థిరపడింది. యాసంగి పంటను రబీ పంట అంటున్నామే, అది వసంతంలో కోతకు వచ్చేది గనుకనే ఆ పేరు.

అయితే ఎడారిలో పశువులను మేపుకునే అరబ్బులకు రబీ అంటే పూల కాలం మాత్రమే కాదు. వాన పడిన తరువాత మొలిచే పచ్చికకు కూడా వారు అదే పేరు పెట్టారు. చచ్చిన నేల వానతో కదిలి, ఉబికి, మొలకెత్తడాన్ని ఖుర్ఆన్ ఎన్నో చోట్ల నిదర్శనంగా చూపినప్పుడు, విన్నవారి కళ్ళ ముందు నిలిచింది ఆ రబీయే. ఈ అర్థంలో చూస్తే మన కాళేశ్వరానికి వసంతాలు రెండు. చెట్ల వసంతం నీరు లేకుండా ఫిబ్రవరిలో వస్తుంది. గుంటల వసంతం నీటితో జూన్‌లో వస్తుంది. మొదటిది అందరూ చూస్తారు. రెండవదాన్ని చూసేవారు తక్కువ, ఎందుకంటే అది రాత్రిపూట, బురదలో, కొద్ది రోజులపాటు సాగుతుంది.

గుంట అంటే ఇక్కడ చెరువు కాదు, కుంట కూడా కాదు. చెరువుకు కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, ఆయకట్టు ఉంటుంది, దానిమీద హక్కు చెప్పేవారుంటారు. నేను చెప్పేది అడవి అంచున, బీడులో, రాతి పరుపు మీద, బండ్లబాట పక్కన వాన నీరు తనంత తాను నిలిచే పల్లం. మోకాటి లోతు మించదు. దసరా నాటికి పచ్చగా ఉంటుంది, సంక్రాంతికి బురద, మార్చికి పెంకుల్లా బీటలు వారిన మట్టి. ఆ బీటల్లోనే అసలు కథ ఉంది.

దక్కను నేలలోని ఇటువంటి గుంటల్లో రొయ్య జాతికి చెందిన చిన్న జీవులు కొన్ని ఉంటాయి. ఒక రకం పారదర్శకమైన శరీరంతో వెల్లకిలా ఈదుతుంది. మరొక రకం రెండు పలుచని చిప్పల మధ్య దాగి, చూడటానికి పెసరగింజంత ఆల్చిప్పలా ఉంటుంది. చేపలున్న చోట ఇవి బ్రతకలేవు, పారిపోయే వేగం గానీ ఎదుర్కొనే ముల్లు గానీ వీటికి లేవు. చేప బ్రతకలేని చోటు ఏది? ఏటా పూర్తిగా ఎండిపోయే చోటు. అందుచేత ఎండ వీటికి శత్రువు కాదు, కోట గోడ. గుంట ఇంకిపోకముందే ఇవి గట్టి పెంకుగల గుడ్లను బురదలో వదిలి చనిపోతాయి. ఆ గుడ్డులో నీరు దాదాపు శూన్యం, జీవక్రియ దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు నేల కాలిపోతున్నా అది చెక్కుచెదరదు. గాలి దుమ్ముతో కలిసి, పశువుల గిట్టలకు అంటిన మట్టితో కలిసి పక్క గుంటకు ప్రయాణం కూడా చేస్తుంది.

ఇంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. తొలకరి వాన పడగానే ఆ గుడ్లన్నీ పొదగవు. కొన్ని మాత్రమే ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. మిగిలినవి ఆ ఏడు కదలవు. తొలివాన మోసం చేసి గుంట వారంలోనే ఎండిపోతే పొదిగినవన్నీ నశిస్తాయి. అప్పుడు రెండవ వానకో, మరుసటి ఏటికో, కొన్ని ఏళ్ళ తరువాతనో మిగిలినవి లేస్తాయి. మృగశిర కార్తెలో విత్తనమంతా ఒకేసారి వేసి, వాన ముఖం చాటేయగా నష్టపోయిన రైతు మన జమాఅత్‌లోనే ఉన్నాడు. ఈ చిన్న గుడ్లకు ఉన్న జాగ్రత్తను ఆయన నాకంటే బాగా అర్థం చేసుకుంటాడు.

బోదురు కప్ప మరో దారి పట్టింది. అది మట్టిలో దూరి, కదలక మెదలక వేసవిని గడుపుతుంది. తొలి పెద్ద వాన పడిన రాత్రి బయటకు వస్తుంది. మట్టిరంగులో ఉండే మగ కప్ప ఆ రోజుల్లో నిమ్మపండు పసుపు వర్ణానికి మారుతుంది, గొంతు రెండు పక్కలా నీలపు సంచులు ఉబ్బుతాయి. దాని అరుపు ఇషా నమాజు ముగించుకొని వచ్చేవారికి అర మైలు దూరానికి వినిపిస్తుంది. గుంట ఎండేలోగా గుడ్డు తోకకప్పగా, తోకకప్ప కప్పగా మారిపోవాలి. ఈ పందెంలో అన్నీ గెలవవు. గెలిచిన కప్పలు ఆ వానాకాలమంతా పొలాల్లో పురుగులను తిని బ్రతుకుతాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎన్నికైన కొర్రమట్ట కూడా తేమ మిగిలిన బురదలో కొంతకాలం ఓపిక పట్టగలదు, కానీ పూర్తిగా కాలిన మట్టిలో అది నిలవలేదు.

ఈ ఏర్పాటు ఎంత పాతది అనే ప్రశ్నకు మన ఎదుటి ఒడ్డే సాక్ష్యం చెబుతుంది. కాళేశ్వరం వద్ద వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. ఆ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున కోట అనే గ్రామం ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ లోయలోని ఒక రకం రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. అవి జురాసిక్ యుగానివి, అంటే పదిహేను కోట్ల ఏళ్ళకు పైబడినవి. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన మహాకాయపు బల్లి అస్థిపంజరం ఈ పొరల్లో దొరికినదే, దాని పేరు కోటాసారస్. అదే పొరల సున్నపురాతిలో, నేటి మన గుంటల్లో ఉండే చిప్ప రొయ్యలకు బంధువులైన జీవుల చిప్పలు అచ్చులై మిగిలాయి. కోటాసారస్ వంశం పోయింది. పెసరగింజంత ప్రాణి వంశం మన బండ్లబాట పక్కన ఇంకా కొనసాగుతోంది.

చలిదేశాలలో ఈ కథ తలకిందులుగా ఉంటుంది. అమెరికాలోని ఈశాన్య రాష్ట్రాలలో స్థిరపడిన మన తెలుగు సోదరులు చూసే ఉంటారు. అక్కడి అడవులలో మంచు కరిగి, వసంతపు వానలు తోడై, పల్లాలలో నీరు నిలుస్తుంది. ఆ గుంటలకు పేరే ‘వెర్నల్ పూల్స్’, అంటే వసంతపు గుంటలు. మార్చి నెలలో వెచ్చని వాన పడిన తొలి రాత్రి బల్లివంటి సాలమాండర్లు, కప్పలు అడవి నేలనుండి లేచి వాటివైపు నడుస్తాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో సాధారణ పౌరుడెవరైనా ఛాయాచిత్రాలతో, ఆనవాళ్ళతో దరఖాస్తు చేస్తే, ప్రభుత్వం పరిశీలించి అటువంటి గుంటను ధ్రువీకరిస్తుంది. మన దేశంలో చిత్తడి నేలల జాతీయ పటాన్ని తయారు చేసినప్పుడు 2.25 హెక్టార్లకు మించినవాటికే హద్దులు గీశారు. అంతకు చిన్నవి ఐదున్నర లక్షలకు పైగా తేలాయి, వాటిని చుక్కలుగా మాత్రమే గుర్తించారు. మన మోకాటి లోతు గుంటకు ఆ చుక్క కూడా దక్కి ఉంటుందని నేను అనుకోను. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు. 2023 అక్టోబరులో దాని పియర్లు కుంగినప్పుడు దేశమంతా మాట్లాడింది. గుంట పూడితే పక్కింటివాడు కూడా మాట్లాడడు.

పూడ్చడం ఒక్కటే కాదు, ఇతర విధాలుగానూ హాని జరుగుతోంది. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా ఉంటుందని, తునికాకు బాగా చిగురిస్తుందని ఎండుటాకులకు నిప్పు పెడతారు. అది చెట్టు కింద ఆగదు. మట్టి పైపొరలో తలదాచుకున్న ప్రాణులను కాల్చుతుంది, లేత మొక్కలను కాల్చుతుంది. మరికొన్ని చోట్ల మేలు చేస్తున్నామనుకొని గుంటను లోతుగా తవ్వి చేపలు వదులుతారు. నీరు ఏడాదంతా నిలుస్తుంది, నిజమే. పశువులకు మంచిదే. కానీ ఎండటం మానుకున్న గుంటలో పాత కాపురస్తులకు చోటు ఉండదు, అడుగు మట్టిని ఎత్తిపోసినప్పుడే ఎన్నో ఏళ్ళ గుడ్లు ట్రాక్టరులో వెళ్ళిపోయి ఉంటాయి. చెరువు పూడిక తీయడం, గుంట తవ్వడం ఒకటి కావు.

నిలిచిన నీటి విషయంలో మన ధర్మశాస్త్రం ఎంత శ్రద్ధ వహించిందో మీకు తెలుసు. నిలిచిన నీటిలో మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. హౌజ్ పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే దాని హుకుం ఏమిటని మన హనఫీ పండితులు పేజీలకు పేజీలు చర్చించారు. ఆకులు రాలి రంగు మారిన నీటితో వుజూ చెల్లుతుందా అనే ప్రశ్నకు కూడా, నీటి పలుచదనం పోనంతవరకు చెల్లుతుందని సమాధానమిచ్చారు. ఆ పండితులు నీటిని తొంగిచూసినవారు. మనం నీరున్నప్పుడే పట్టించుకుంటున్నాం. నీరు ఇంకిన నాటినుండి అదే చోటు మనకు చెత్తకుప్ప.

ఈ మాట ఇతరులను ఉద్దేశించి అనడం లేదు. ఈ ప్రాంతంలోని ఒక ఊరి ఈద్‌గాహ్‌కు తూర్పున ఇటువంటి గుంట ఒకటి ఉంది. ఖిబ్లా పడమర గనుక వరుసలు పెరిగినకొద్దీ వెనుకకు, అంటే గుంటవైపుకే జరగాలి. జనం పెరిగారు. ఈద్ మార్చిలో రావడంతో గుంట ఎండి, బీటలు వారి, పాలిథిన్ సంచులతో నిండి ఉంది. పెద్దలు దాన్ని మట్టితో నింపి చదును చేద్దామన్నారు. నన్ను అడిగితే మంచి ఆలోచనే అన్నాను. చందా కూడా ఇచ్చాను. ట్రాక్టర్లకు బయానా ముట్టింది. ఆ సమావేశంలో ఒక మేకల కాపరి మాత్రం వెనుక కూర్చొని, వానపడ్డ రాత్రి అక్కడ కప్పల అరుపుకు చెవులు చిల్లులు పడతాయి గదా సాబ్, అవెక్కడికి పోతాయి అని అడిగాడు. కొందరు నవ్వారు. నేను కూడా నవ్వినట్లే గుర్తు. ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ ప్రశ్న వదలలేదు. నేలను ఎవరు బ్రతికిస్తారో ప్రతి ఏటా మింబర్ మీదనుండి చెప్పేవాణ్ణి, ఆ బ్రతికే నేల నా వెనుకనే ఉందని చూడలేదు.

మరుసటి జుమా తరువాత పెద్దలతో మళ్ళీ కూర్చున్నాం. వాదన చాలాసేపు సాగింది. స్థలం మనది, అవసరం మనది అన్నవారి మాటలోనూ న్యాయం ఉంది, దాన్ని కాదనలేదు. చివరకు వరుసలను వెనుకకు కాక ఉత్తరం వైపు పొడిగించాలని, అటు ఉన్న ముళ్ళకంపను తొలగించి, బయానా ఇచ్చిన మట్టిని ఆ ఎత్తుపల్లాలు సరిచేయడానికి వాడాలని నిర్ణయమైంది. గుంటలోని పాలిథిన్‌ను ఏరిన తరువాత ఆరు బస్తాలయింది. అడుగు మట్టిని ఎవరూ గీకవద్దని చెప్పాం. ఈద్ నమాజు జరిగింది, వరుసలు సరిపోయాయి. తొలకరి పడిన రాత్రి ఇషా తరువాత టార్చిలైట్లు పట్టుకొని పిల్లలను అక్కడికి తీసుకువెళతానని ఆ కాపరి మాట ఇచ్చాడు.